ఆడవాళ్ళు నడిపిన బండి

"కారు లేచిందా?"

ఆ ఇంట్లో తెల్లవారితే వినపడే మొదటి మాట అదే. మంచం దిగకుండా, కళ్ళు పూర్తిగా తెరవకుండా దుప్పట్లోంచి అడుగుతాడు భర్త. కూతురు లేచిందా అని కాదు, రాత్రంతా దగ్గిన కన్నతల్లి లేచిందా అని కూడా కాదు. ఆమె పొయ్యి మీద పాలు పెట్టి, మంట తగ్గించి, చెప్పులేసుకుని వాకిట్లోకి వెళ్ళి చూసి రావాలి. ఆ కారుకి మామూలు స్ప్రింగులుండవు. వాటి బదులు గాలి నింపిన రబ్బరు సంచులు నాలుగుంటాయి. కొత్తలో అవి గతుకన్నది తెలియనివ్వవట. పదకొండేళ్ళు పాతబడ్డాక ఎక్కడో సన్నగా గాలి పోయి, తెల్లారేసరికి వెనక ఎడమవైపు నేలకి కూలబడి ఉంటుంది, అలిగి గోడవైపు తిరిగి కూర్చున్న మనిషిలాగా. అప్పుడు తలుపు తీసి, సీట్లో కూర్చోకుండా బయటే నిలబడి వంగి బటను నొక్కితే, గాలిపంపు బుస్సుమంటుంది, బండి మెల్లగా లేస్తుంది. బటను వరకే ఆమె వంతు. స్టీరింగు జోలికి పోకూడదు. "లేచిందండీ" అని లోపలికొచ్చి చెప్పాక గానీ అతను లేవడు. ఈలోగా పాలు పొంగిపోతే ఆ తప్పు ఆమెది.

ఐదేళ్ళ కిందట, అప్పటికే ఆరేళ్ళు ఎవరి చేతుల్లోనో నలిగిన ఆ కారు ఇంటికొచ్చినప్పుడు చుట్టుపక్కలవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. కొత్తదైతే వీధంతా కలిసి కూడా కొనలేని బండి. మూడోవంతు ధరకొచ్చింది. "మూడోవంతుకే కొట్టేశాను" అని ఆ ఏడాదంతా అతను కనీసం వందమందికి చెప్పి ఉంటాడు. అతను ఇళ్ళలో చెక్కపని చేయించే కాంట్రాక్టరు. పని ఇచ్చే పార్టీ ఇంటి ముందు ఇలాంటి బండిలోంచి దిగితే రేటు దగ్గర ఎవడూ నోరెత్తడని అతని నమ్మకం. నోరెత్తకపోవడం మాట దేవుడెరుగు, కారు చూశాక పార్టీలు ఇంకా గట్టిగా బేరమాడటం మొదలుపెట్టారు. ఇంత బండి మేపుతున్నాడంటే మన దగ్గర ఎంత గుంజుతున్నాడో అనుకునేవాళ్ళు. ఆ సంగతి అతను ఇప్పటికీ ఒప్పుకోడు.

అతని ఆదాయం ఒక నెల వరద, నాలుగు నెలలు ఎండ. బ్యాంకువాళ్ళు దాన్ని చూసి తల అడ్డంగా ఊపారు, ఆమె జీతం చీటీ చూసి నిలువుగా ఊపారు. అలా అప్పు ఆమె పేరు మీదికి, అప్పుతో పాటు కారూ ఆమె పేరు మీదికి వచ్చాయి. సంతకాలు పెట్టిస్తూ "ఇంక నువ్వు కారున్న మహారాణివి" అన్నాడు. మహారాణి ఆ రోజు వెనక సీట్లో కూర్చుని ఇంటికొచ్చింది. వెనక కూర్చుంటే తనకి కళ్ళు తిరుగుతాయని అత్తగారు మొదటిరోజే ముందు సీటు ఖాయం చేసుకుంది. అప్పటికి ఎనిమిదేళ్ళ కూతురు, "అమ్మా, కారు నీ పేరు మీదుంటే నువ్వెందుకు వెనక కూర్చున్నావ్?" అని అడిగితే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

కొనకముందు ఆమె ఒక మాట చెప్పకపోలేదు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్లకి వాడిన కత్తెరలు, పట్టకార్లు, ట్రేలు కడిగి, ఆవిరి యంత్రాల్లో పెట్టి శుద్ధి చేసే విభాగంలో ఆమె టెక్నీషియన్. అక్కడ ప్రతి యంత్రానికీ ఒక రిజిస్టరు ఉంటుంది. ఎన్నింటికి పెట్టారు, ఎంత వేడి, ఎంతసేపు, ఎవరు చూశారు, అన్నీ రాయాలి. రాయకపోతే ఆ పని జరగనట్టే లెక్క, ఆ ట్రే మళ్ళీ మొదట్నుంచీ కడగాల్సిందే. బద్ధకస్తులు కొందరు వారానికోసారి కూర్చుని ఏడు రోజుల గళ్ళూ ఒకేసారి నింపేస్తుంటారు. అలాంటి పేజీని ఆమె చూడగానే పట్టేస్తుంది. రోజూ రాసే చెయ్యి రోజుకో రకంగా ఉంటుంది. ఒకరోజు తొందర, ఒకరోజు నిద్రమత్తు, ఒకరోజు పెన్ను మొరాయిస్తుంది. ఒకేసారి నింపిన పేజీలో ఏడు రోజులూ కవలపిల్లల్లా ఉంటాయి. కారు అమ్మేవాడు చూపించిన సర్వీసు పుస్తకంలో మొదటి మూడేళ్ళూ సవ్యంగానే ఉన్నాయి. తర్వాతి మూడేళ్ళూ కవలలే. ఒకే ఇంకు, ఒకే వాలు, ముద్రలు కూడా ఒకే పక్కకి ఒరిగాయి. ఆమె భర్తని పక్కకి పిలిచి, ఇది ఒక్కపూట కూర్చుని రాసిందండీ, మూడేళ్ళుగా ఈ బండిని ఎవరూ పట్టించుకోలేదు అని చెప్పింది. అతను ఆ మాటని అమ్మేవాడి ముందుకే మోసుకెళ్ళి, మా ఆవిడ పెద్ద డిటెక్టివండీ అని నవ్వాడు. ఇంటికొచ్చాక అత్తగారు, "కత్తెరలు ఉడకబెట్టుకునేదానికి కార్ల సంగతేం తెలుస్తుందిరా" అంది. ఆ వారమంతా ఇంట్లో ఆమె పేరు కత్తెరలమ్మ.

మొదటి ఏడాది బానే గడిచింది. రెండో ఏడాది నుంచి బండి నోరు తెరవడం మొదలుపెట్టింది. నీళ్ళు కారే ప్లాస్టిక్ గొట్టం ఒకటి, అరచేతిలో పట్టేంత ముక్క, అది మార్చాలంటే ఇంజను ముందుభాగమంతా విప్పాలి. బ్యాటరీ మారిస్తే సరిపోదు, మార్చినట్టు కారులోని కంప్యూటరుకి చెప్పాలట, ఆ చెప్పడానికి విడిగా కూలి. టైర్లు మామూలు షాపుల్లో దొరకవు. ఒక సెన్సారు పోతే డాష్‌బోర్డు మీద ఎర్రదీపం, పోయింది సెన్సారో, నిజంగా బ్రేకో తేల్చుకోవడానికి రెండు పూటలు. భర్తకి తీరిక ఉండదు, పైగా చేతులు నల్లగా ఉన్న మనుషుల మధ్య బెంచీ మీద కూర్చోవడం అతనికి నామోషీ. ఎటూ కాగితాల మీద పేరు నీదే కదా, వాళ్ళు నీ సంతకమే అడుగుతారు అనేవాడు. అందుకని సెలవు రోజుల్లో అతను బండినీ ఆమెనీ మెకానిక్ షెడ్డులో దింపి వెళ్ళిపోతే, అక్కడి బెంచీ ఆమెదైంది. ఆ బెంచీ మీదే పిల్ల యూనిఫారాలకి గుండీలు కుట్టింది, రెండు పరీక్షలకి పిల్లచేత పాఠాలు అప్పజెప్పించుకుంది. షెడ్డు పెద్దాయన మితభాషి. ఒకసారి బిల్లు చూసి ఆమె గుడ్లప్పగించి ఉండిపోతే, ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బండి పాతబడింది కాబట్టి మూడోవంతుకొచ్చింది తల్లీ. దానికి వేసే సామాను పాతబడదుగా. అది ఇప్పటికీ కొత్త బండి ధరే అడుగుతుంది."

ఆ మాట ఇంటికొచ్చి చెబితే, మెకానిక్కులు అలాగే భయపెడతారు, నువ్వు బుర్ర ఊపుతూ కూర్చుంటావు కాబట్టే వాడు ఎక్కువ వేస్తున్నాడు అన్నాడు భర్త. ఖర్చు ఎవరి జీతంలోంచి పోతోందో ఆ ఇంట్లో ఎవరూ అనరు. కారు పాడైతే అది మాత్రం "నీ కారు". పెళ్ళికో పార్టీకో వెళ్ళేటప్పుడు "మా అబ్బాయి కారు". ఆసుపత్రిలో తోటి టెక్నీషియన్ రోజూ డ్యూటీ ఎక్కగానే, "ఏమంటోంది మీ సవతి?" అని అడిగేది. సవతి అయితే నయం, కనీసం వంటింట్లో ఓ చెయ్యి వేసేది అనేది ఆమె.

నవ్వులాట కాని సంగతి ఒకటుంది. ఆమె విభాగంలో సూపర్‌వైజరు కావాలంటే వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి ఆరు నెలల కోర్సు చదవాలి. ఆసుపత్రి జీతంతో సెలవిస్తుంది గానీ ఫీజు, హాస్టలు ఖర్చు ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి. మూడేళ్ళ కిందట ఆమె పేరు జాబితాలో వచ్చింది. ఆ నెలలోనే ఇంజనులో టర్బో పోయింది. దాచుకున్నదంతా దానికి పోసి, వెళ్ళలేనని రాసిచ్చింది. నిరుడు మళ్ళీ వచ్చింది. అప్పుడు కారు ముందువైపు గాలిసంచులు రెండూ ఒకేసారి పోయాయి. "వచ్చే ఏడు వెళ్దువులే, కోర్సు ఎక్కడికీ పారిపోదు" అన్నాడు భర్త. నిజమే, పారిపోయే స్థితిలో కారు కూడా లేదు. ఆ రెండుసార్లూ ఆమె బదులు వెళ్ళినవాళ్ళు, ఆమె దగ్గర ట్రేలు సర్దడం నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళలో ఒకతను ఇప్పుడు ఆమె సెలవు చీటీ మీద సంతకం పెడతాడు. నలభై దాటినవాళ్ళని కోర్సుకి పంపరు. ఆమెకి ముప్ఫైతొమ్మిది నిండి ఏడు నెలలైంది. ఈసారి జాబితాలో మళ్ళీ పేరు వచ్చింది, ఇంక రాదు. ఫీజు కట్టడానికి గడువు సోమవారం సాయంత్రం.

ఈసారి భయం లేదనుకుంది. కారు అప్పు కిందటి నెలతో తీరిపోయింది. చివరి వాయిదా కట్టిన రోజు ఆమె ఆసుపత్రి క్యాంటీన్లో ఒక్కర్తీ కూర్చుని రెండు కాఫీలు తాగింది. ఆ ఆనందం ఎనిమిది రోజులుంది. తొమ్మిదోరోజు భర్తతో కలిసి అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి వస్తుంటే వంతెన ఎక్కుతూ కారు ఆగింది. ఇంజను అరుస్తోంది, బండి మాత్రం కదలదు. వెనక బళ్ళన్నీ హారన్లు. "ఇది ఎక్కింది, అందుకే" అంది అత్తగారు, వెనక సీటు వైపు చూడకుండా. గేరుబాక్సు పోయిందని పెద్దాయన తేల్చాడు. దాని నూనె జన్మకి మార్చక్కర్లేదని అమ్మేటప్పుడు చెప్పారట. బండి జన్మ కొత్తలో ఉన్న నాలుగేళ్ళే అనుకుంటే అది నిజమే అన్నాడాయన. బాగు చెయ్యాలంటే ఆమె ఎనిమిది నెలల జీతం. పెద్దాయన ఇంకో సంగతి కూడా చెప్పాడు. చల్లగా ఉన్నంతసేపు బానే నడుస్తుంది, నలభై నిమిషాలు తిరిగి వేడెక్కితేనే జారుతుంది.

ఆ మాట విన్న మరుక్షణం భర్త మొహం వెలిగింది. కొనేవాడికి నలభై నిమిషాలు ఎవడిస్తాడు, పావుగంట తిప్పి చూపిస్తే చాలు అన్నాడు. ఆ రాత్రే ఫోనులో ప్రకటన పెట్టాడు. ఫోటోలకి ముందు కారు కడిగింది ఆమె, సీట్ల మధ్య ఇరుక్కున్న బిస్కెట్టు ముక్కలు పిన్నీసుతో తీసింది ఆమె. ప్రకటనలో ఏం రాశాడో మర్నాడు తోటి టెక్నీషియన్ చదివి వినిపించింది. "ఒకే ఆడమనిషి చేతిలో నడిచిన బండి. ఉద్యోగస్తురాలు. ఇల్లు, ఆఫీసు తప్ప ఎక్కడా తిరగలేదు." ఆడవాళ్ళు నడిపిన బండంటే ధర పలుకుతుంది. మెల్లగా నడుపుతారని, గుద్దరని, దూరాలు పోరని. ఆమె ఆ మూడు వాక్యాలూ మళ్ళీ మళ్ళీ చదివింది. ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ స్టీరింగు పట్టుకోలేదు. అలాగని నడపడం రాక కాదు. ఆసుపత్రికి రెండు భవనాలున్నాయి, వ్యాను డ్రైవరు రానిరోజు శుద్ధిచేసిన ట్రేలన్నీ వ్యానులో వేసుకుని, జనం కిటకిటలాడే సందుల్లోంచి ఆమే నడుపుకుంటూ వెళుతుంది. ఒక్క ట్రే ఒరిగినా ఆపరేషను ఆగిపోతుంది. ఇంతవరకు ఒక్కటీ ఒరగలేదు. ఆ సంగతి ఒకసారి చెబితే భర్త, "వ్యాను వేరు, ఇది వేరు" అన్నాడు. అతను ఈ ఐదేళ్ళలో రెండుసార్లు గేటు స్తంభానికి గీకించాడు.

ప్రకటన సంగతి అడిగితే అతను కోప్పడలేదు. దగ్గరకొచ్చి కూర్చున్నాడు, అదే ఆమెకి ముందు వింతగా అనిపించింది. "ఇది అమ్ముడైతే నీ ఫీజు నేనే కడతా. నిజంగా. అమ్మనీ పిల్లనీ ఆరు నెలలు నేను చూసుకుంటా. నువ్వు చెయ్యాల్సిందల్లా, అడిగితే అవును నేనే నడిపాను అనడం. అంతేగా?" అన్నాడు. ఆమె తలూపింది. అతను మాట నిలబెట్టుకుంటాడా అని ఆలోచించలేదు, ఆలోచిస్తే నమ్మలేనని తెలుసు కాబట్టి. నమ్మాలని ఉంది. ఒక్క అబద్ధం, అదీ ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళకి. పదిహేనేళ్ళుగా ఈ ఇంట్లో అన్నీ బానే ఉన్నాయని చుట్టాలందరికీ చెబుతూ వచ్చింది, ఇది అంతకంటే పెద్దదేం కాదు.

ఆదివారం పొద్దున పదింటికి ప్రకటన చూసిన భార్యాభర్తలు వచ్చారు. ఇద్దరూ చిన్నవాళ్ళు. అతను సెల్‌ఫోన్ల దుకాణంలో భాగస్తుడు, ఆమె బళ్ళో టీచరు. అతను వస్తూనే కారు చుట్టూ తిరిగి, అద్దాలు నిమిరి, లోపల కూర్చుని కళ్ళు మూసుకుని తోలు వాసన పీల్చాడు. ఆ చూపు ఆమె ఎరుగును. ఐదేళ్ళ కిందట ఇంకో మొహం మీద చూసింది. టీచరమ్మ మాత్రం కారుకి దూరంగా చెప్పుల్తో నేల గీకుతూ నిలబడింది. నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది, సిగ్గేమో అనుకుంది ఆమె.

భర్త తాళం ఊపుతూ, రండి ఒక రౌండు తిప్పి తెస్తా అన్నాడు. అప్పుడు టీచరమ్మ మొదటిసారి నోరు విప్పింది. "అన్నయ్యగారూ, మీరు వద్దు. అక్కే నడిపారని రాశారుగా. అక్కతో నేను వెళ్ళొస్తా. ఈయనకి బండంటే పిచ్చి, ఏమీ అడగరు. మీరిద్దరూ కాగితాలు చూసుకోండి."

భర్త తాళాన్ని పిడికిట్లో బిగించాడు. వద్దంటే రాసింది అబద్ధమవుతుంది. ఆమెకి వంట పని ఉందన్నాడు. వంటకి ఇంకా టైముందిగా అంది టీచరమ్మ. అత్తగారు గుమ్మంలోంచి, దానికి ఒంట్లో బాలేదు అనబోయి, కొడుకు మొహం చూసి ఆగిపోయింది. చివరికి అతను తాళం ఆమె చేతిలో పెట్టి, వేళ్ళు గట్టిగా నొక్కి, పార్కు చుట్టూ తిప్పి పావుగంటలో తెచ్చెయ్ అని గొణిగాడు. ఐదేళ్ళలో ఆ తాళం అతని చేతిలోంచి ఆమె చేతిలోకి రావడం, కారు కడగడానికో లేపడానికో కాకుండా, అదే మొదలు.

సీటు అతని పొడుగుకి సర్ది ఉంది. ఆమె కాళ్ళు అందలేదు. బటను నొక్కి పట్టుకుంటే సీటు గింజుకుంటున్నట్టు మెల్లగా ముందుకొచ్చింది. టీచరమ్మ అది చూసింది. గేటు దాటేటప్పుడు ఆమె స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకుంది. వీధి మలుపు తిరిగాక పట్టు సడలింది. పెద్దరోడ్డెక్కాక వేళ్ళతోనే తిప్పుతోంది. బండి బాగుంది, అదే ఆశ్చర్యం. ఇన్నాళ్ళూ బిల్లులుగా, ఎర్రదీపాలుగా, బెంచీగా మాత్రమే తెలిసిన వస్తువు కాలి కింద మెత్తగా, చెప్పిన మాట వింటూ సాగుతోంది. ఇంత సుఖమా ఇది, ఇదా నాకు దక్కనివ్వంది అనుకుంది.

టీచరమ్మ అద్దాలవీ ఏసీవీ ఏమీ అడగలేదు. సొంతవిషయాలే మాట్లాడింది. తమది చిన్న ఇల్లు, కారు పెట్టే చోటు కూడా లేదు, వీధిలోనే పెట్టాలి. ఆయనకి కాలేజీ రోజుల్నుంచీ ఈ బండే కల. దుకాణం ఆదాయం ఒక నెలుంటుంది ఒక నెలుండదు. "లోను నా పేరు మీదే అక్కా. నెలనెలా వచ్చేది నా జీతమే కదా, బ్యాంకువాళ్ళు ఆయనకి ఇవ్వలేమన్నారు" అంది. అడ్వాన్సుకి మాత్రం తను దాచుకున్నది ఉందట. పైవరస పళ్ళు రెండు చిన్నప్పుడు పడి విరిగిపోయాయి, కట్టించుకుందామని నాలుగేళ్ళుగా దాస్తోంది. చెబుతూ నవ్వింది, నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పళ్ళు ఎక్కడికీ పారిపోవులే, ఇప్పటికి ఇలా కానీ అంటారు ఈయన."

పారిపోవు. ఆ మాట ఎవరు ఎవరికి నేర్పుతారో, ఎక్కడ నేర్చుకుంటారో ఇంతమంది మగవాళ్ళు అనుకుంది ఆమె. బండి నమ్మకంగా ఉంటుందా అక్కా, అంది టీచరమ్మ మెల్లగా. పార్కు దగ్గరి మలుపు వచ్చేస్తోంది. అక్కడ తిరిగితే ఐదు నిమిషాల్లో ఇల్లు. ఇంట్లో కాగితాలు సిద్ధంగా ఉన్నాయి, రేపు సాయంత్రంలోగా ఫీజు కట్టేయొచ్చు. ఈ పిల్ల ఎవరు తనకి? చుట్టమా, స్నేహితురాలా? తనకి ఎవరైనా ఇలా చెప్పారా? ఆ సర్వీసు పుస్తకం నింపినవాడింట్లో కూడా ఒక ఆడమనిషి ఉండే ఉంటుంది, గుమ్మం దగ్గర కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడే ఉంటుంది, అన్నీ తెలిసి నోరు నొక్కుకునే ఉంటుంది. తను ఐదేళ్ళు ఆ బెంచీ మీద కూర్చుని ఆ కనపడని మనిషిని ఎన్ని తిట్లు తిట్టుకుందో. ఇప్పుడు ఆ మనిషి స్థానంలోకి తనే వచ్చి కూర్చుంది, అందుకు కూలి ఒక సూపర్‌వైజరు ఉద్యోగం. కావాలి ఆ ఉద్యోగం. ఒళ్ళంతా కావాలని ఉంది. కానీ ఈ పిల్ల పళ్ళతో కాదు.

పోనీ నోటితో చెప్పెయ్యొచ్చు. చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఈ పిల్ల ఇంటికెళ్ళి మొగుడికి చెబుతుంది. వాడు తన మొగుణ్ణి అడుగుతాడు. ఆడవాళ్ళకి బండ్ల సంగతేం తెలుసండీ అని ఇద్దరూ నవ్వుకుని, సాయంత్రానికి సంతకాలు పెట్టించేస్తారు. తన మాటకి తన ఇంట్లో విలువ లేదు, ఈ పిల్ల ఇంట్లోనూ ఉన్నట్టు లేదు. మలుపు వచ్చింది. ఆమె తిప్పలేదు, నేరుగా ఊరి బయటి రోడ్డు వైపు పోనిచ్చింది.

"ఎక్కడిదాకా అక్కా?"

"కాస్త దూరం పోదాం. బండి బాగా వేడెక్కాక చూడాలమ్మా."

ఇరవయ్యో నిమిషంలో ఫోను మోగింది. ఆమె తీయలేదు. ముప్ఫై నిమిషాలకి నాలుగోసారి. టీచరమ్మ మోగుతున్న ఫోనునీ, దాన్ని తీయని చేతినీ చూసి, ఏదో అర్థమైనట్టు సీటుకి ఆనుకుని కూర్చుంది. నలభై మూడో నిమిషంలో, ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంజను ఒక్కసారి అరిచింది. బండి వేగం పడిపోయింది, ఎంత తొక్కినా అరుపే గానీ కదలిక లేదు. ఆమె జాగ్రత్తగా పక్కకి తీసి ఆపి, దీపాలు వెలిగించింది. వ్యానులో ట్రేలతో ఎంత మెత్తగా ఆపుతుందో అంత మెత్తగా ఆపింది.

తర్వాత అన్నీ చెప్పింది. గేరుబాక్సుకి ఎంతవుతుందో, గాలిసంచులు ఒకదాని వెనక ఒకటి ఎలా పోతాయో, ఈ ఐదేళ్ళలో బండి మీద పోసింది బండి కొన్నదానికంటే ఎక్కువని. ప్రకటనలో రాసింది అబద్ధమని, ఈ స్టీరింగు పట్టుకోవడం తనకి ఇవాళే మొదటిసారని కూడా చెప్పింది. టీచరమ్మ మొహం ఎర్రబడింది. కృతజ్ఞత ఏమీ లేదు ఆ మొహంలో. ఇంత తెలిసీ మీరు ప్రకటన ఇవ్వనిచ్చారా, మేము రాకముందే ఫోనులో చెప్పొచ్చుగా, పొద్దున్నే లేచి రెండు బస్సులు మారి వచ్చాం అని కోప్పడింది. ఆమె కాదనలేదు. నీ కోపం న్యాయమే అంది. టీచరమ్మ దిగి, రోడ్డు పక్కన కాసేపు నిలబడి, మొగుడికి ఫోను చేసింది. కారణం చెప్పలేదు, ముందు ఆ ఇంట్లోంచి బయటికి రండి, ఫోను మాట్లాడుతున్నట్టు వచ్చెయ్యండి అంది, పిల్లల్ని లైనులో నిలబెట్టే గొంతుతో. బస్సు కనపడగానే చెయ్యెత్తి, ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"మరి మీ సంగతేంటక్కా ఇప్పుడు?"

బస్సు వెళ్ళిపోయింది. రేపు సాయంత్రమే గడువు. మంచిపని చేశానన్న తృప్తి కాదు, ఏడుపు వచ్చింది, రోడ్డు పక్కన ఎవరు చూస్తారన్న పట్టింపు లేకుండా ఏడ్చింది. ఏడ్చాక మొహం తుడుచుకుని షెడ్డు పెద్దాయనకి ఫోను చేసింది. ఆయన బండ్లు మోసుకెళ్ళే లారీ తోలుకుని తనే వచ్చాడు. గొలుసులు తగిలించబోతుంటే, ఆ కారుని పైనుంచి కిందిదాకా చూసి అడిగింది. "దీన్ని బాగుచెయ్యకుండా, విడిభాగాలకి విప్పి అమ్ముకుంటే మీకేమైనా వస్తుందా?"

పెద్దాయన గొలుసు కింద పెట్టాడు. తలుపులు, దీపాలు, సీట్లు, ఇంజను బంగారంలా పోతాయమ్మా, నాలాంటివాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు అన్నాడు. ఆయన చెప్పిన మొత్తం ఆమె భర్త అడుగుతున్నదాంట్లో నాలుగోవంతు కూడా లేదు. ఆమె మనసులో ఇంకో అంకెతో పోల్చుకుంది, ఒకసారి కాదు, రెండుసార్లు. సార్‌ని అడగక్కర్లేదా అన్నాడాయన. పేరు ఎవరిదో మీకు తెలుసుగా, ఐదేళ్ళుగా సంతకం ఎవరిచేత పెట్టించుకున్నారు అంది. ఆయన బిల్లు పుస్తకంలోంచి ఖాళీ కాగితం చించి ఇచ్చాడు. కారు ముందు రేకు మీద ఆ కాగితం పెట్టి, అమ్ముతున్నట్టు రాసి, అసలు కాగితాలు రేపు పొద్దున తెచ్చిస్తానని రాసి, సంతకం పెట్టింది. రేకు ఇంకా వేడిగానే ఉంది. ఆయన డబ్బు ఆమె ఖాతాకి పంపి, చేరిందో లేదో చూసుకోమ్మా అన్నాడు. చేరింది.

లారీ మలుపు తిరిగాక ఆమె ఫోను తీసింది. పదకొండోసారి మోగుతోంది.

"ఎక్కడ చచ్చావ్? రెండు గంటలైంది. వాడెవడో ఫోను మాట్లాడుతూ గేటు దాటి ఇంకా రాలేదు. బండేది?"

"అమ్మేశాను."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు, వెంటనే గొంతు మెత్తబడటం. "అమ్మేశావా? ఆ మాట ముందు చెప్పొద్దూ, హడలి చచ్చాను. నీలో ఇంత ఉందనుకోలేదు. ఎంతకి?"

"నా ఫీజుకి సరిపోయేంతకి."